ఆ చిరునామా ఎవరిది, పిన్నీ?

లంబసింగి దాటి చాలాసేపయినా బస్సు అద్దాల మీద మంచు వదల్లేదు. డిసెంబరు నెల. నర్సీపట్నం కాంప్లెక్సులో చీకటితోనే ఎక్కిన సీలేరు బస్సులో, శాలువా చెవుల మీదికి లాక్కుని, కిటికీ పక్కన కూర్చున్నారు మీరు. కాళ్ల దగ్గర ఎవరిదో ఎండుచేపల మూట, సంతకి పోతోంది. చింతపల్లిలో సగం బస్సు దిగిపోయింది. ఇప్పుడు మిగిలింది మీరు, ఆ మూట, వెనక సీట్లో నిద్రపోతున్న ఇద్దరు కుర్రాళ్లు. మలుపు తిరిగినప్పుడల్లా సిల్వర్ ఓక్ చెట్లు మంచులోంచి ఒక్కొక్కటే బయటపడి మళ్లీ మాయమవుతున్నాయి. వాటి మొదళ్లకి మిరియాల తీగలు, వాటి నీడన కాఫీ మొక్కలు.

జేబులోంచి కాగితం తీసి మళ్లీ విప్పుతారు. స్నేహితుడు ఫోన్లో చెబుతుంటే రాసుకున్నది. పైన అతని పేరు, కింద అతని గూడెం పేరు, ఆ కింద దామనపల్లి పంచాయతీ, గూడెం కొత్తవీధి మండలం, అల్లూరి సీతారామరాజు జిల్లా, ఆంధ్రప్రదేశ్. చివర 531తో మొదలయ్యే పిన్. మడత సరిగ్గా గూడెం పేరు మీదే పడింది. తడికి ఇంకు పాకి ఆ నాలుగు అక్షరాలు ఒక మరకయిపోయాయి. ఫోన్ చేసి అడుగుదామంటే సిగ్నల్ గీతలు ఒక్కటీ లేవు.

ఇంతవరకు మిమ్మల్ని తెచ్చింది కాగితంలో కింది వరుసలే. కాంప్లెక్సులో ఎంక్వయిరీ కిటికీ దగ్గర మీ స్నేహితుడి పేరు చెబితే ఆయనకేం తెలుస్తుంది? మండలం పేరు చూసి "సీలేరు బస్సెక్కండి" అన్నాడు. కండక్టరుకి దామనపల్లి ఎటో తెలుసు, ఇల్లు తెలీదు. "కొత్తవీధిలో దిగి జీపులవాళ్లనడగండి" అన్నాడు. తర్వాత ఎవర్ని అడగాలో చెప్పడం వరకే ఒక్కొక్కరి పని.

"కొత్తవీధి! కొత్తవీధి దిగాల!"

దిగుతారు. చలి మోకాళ్లలోకి వెళ్తుంది. రోడ్డు పక్కన టార్పాలిన్ మీద ఎవరో కాఫీ గింజలు ఆరబోస్తున్నారు, ఎండ ఇంకా రాకుండానే. జీపు నిండాలంటే గంట పడుతుందని డ్రైవరు చెబుతాడు. ఎదురుగా రేకుల కొట్టు. బోర్డు మీద జిరాక్స్, ప్రింట్, ఆన్‌లైన్ సేవలు. లోపల వెచ్చగా ఉంటుందని మీరు వెళ్లి బల్ల మీద కూర్చుంటారు.

కొట్టు నడిపేది డిగ్రీ అయిన అమ్మాయి. స్వెట్టరు చేతులు పైకి మడిచి ప్రింటరులో కాగితాలు సర్దుతోంది. గోడకి అల్లూరి బొమ్మ క్యాలెండరు. దాని పక్కన తెల్ల చార్టు, దాని మీద నీలం స్కెచ్‌తో ఇంగ్లిషు అక్షరాల్లో వరుసగా ఏవో చిరునామాలు, ఒక్కోదాని కింద తెలుగులో ఎలా పలకాలో.

మీ వెనకే ఒకామె వస్తుంది. నలభై అయిదేళ్లుంటాయి. కాఫీ పళ్లు తీస్తూ తీస్తూ మధ్యలో వచ్చినట్టుంది, వేళ్లకి బంక ఇంకా ఆరలేదు. కొంగులోంచి ఫోన్ తీసి బల్ల మీద పెడుతుంది.

"సూడమ్మా. కిసాన్ డబ్బులు ఆగిపోనాయంట. నొక్కమంటన్నాది. నొక్కీమంటావా?"

"ఆగు పిన్నీ, నొక్కకు."

ఆ రెండు మాటల్లో ఉన్న కంగారు మీకు వినిపిస్తుంది. అమ్మాయి ప్రింటరు వదిలేసి వచ్చి ఫోన్ అందుకుంటుంది. మీరూ తొంగిచూస్తారు. సందేశం తెలుగులోనే ఉంది: మీ పీఎం కిసాన్ విడత నిలిపివేయబడింది, ఈ సాయంత్రంలోగా కేవైసీ పూర్తి చేయనిచో మీ పేరు తొలగించబడును. ఏడాదికి 6,000 రూపాయలు, మూడు విడతల్లో రెండేసి వేలు. అటవీ హక్కుల పట్టా మీద రెండెకరాల కాఫీ ఉన్న మనిషికి ఆ రెండు వేలు ఎప్పుడొస్తాయో నెల ముందునుంచీ లెక్క ఉంటుంది. ఆ లెక్క తెలిసినవాడే ఆ సందేశం రాశాడు.

సందేశం కింద నీలం గీత. ఇంగ్లిషు అక్షరాల్లో ఉన్నదాన్ని తెలుగులో పెడితే ఇలా ఉంటుంది:

హెచ్‌టీటీపీఎస్://పీఎంకిసాన్.గవ్.ఇన్-కేవైసీ.ఎక్స్‌వైజెడ్/అప్‌డేట్

"పీఎం కిసానని రాసున్నాది గదా," అంటుంది పిన్ని. ఆమెకి ఇంగ్లిషు చదవడం రాదు. ఆ అక్షరాల ఆకారం గుర్తు, అంతే. పాసుపుస్తకంలో, సచివాలయం గోడ మీద, అప్లికేషన్ల మీద చూసి చూసి పట్టుకున్న ఆకారం.

"రాసుంది పిన్నీ. కానీ ఆ చిరునామా ఎవరిదో చూడాలి." అమ్మాయి మీ చేతిలో కాగితం వైపు చూస్తుంది. "ఒకసారి అదిస్తారాండీ?"

ఇస్తారు. దాన్ని ఫోన్ పక్కన పరుస్తుంది.

"ఇదిగో, వీళ్లు ఎవరింటికో పోతున్నారు. పైన మనిషి పేరు, తర్వాత గూడెం, పంచాయతీ, మండలం, జిల్లా, రాష్ట్రం. చిన్నదాని నుంచి పెద్దదానికి పోతోంది కదా? టపా వాళ్లు దీన్ని పైనుంచి చదవరు. కిందనుంచి చదువుతారు. ముందు పిన్ చూస్తారు, తర్వాత మండలం, చివరాఖరికి మనిషి. ఇంటర్నెట్ చిరునామా కూడా అలాగే రాస్తారు. కాకపోతే పైనుంచి కిందికి కాదు, ఎడమనుంచి కుడికి. పెద్దది కుడి చివర ఉంటుంది."

పిన్ అంకెల్ని మన తపాలా శాఖ 1972 ఆగస్టు 15న తెచ్చింది. మొదటి అంకె 5 అయితే ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటక. ఆ ఒక్క అంకెతోనే దేశంలో మిగతా భాగమంతా పక్కకి పోతుంది. వెబ్ చిరునామాలో ఆ పని చేసేది చివరి చుక్క తర్వాతి ముక్క. ఇన్ అంటే భారతదేశం. కామ్ అంటే వ్యాపారమని 1985లో మొదలుపెట్టారు. ఇప్పుడది ఎవరైనా కొనుక్కోగలిగిన పేరు. ఎక్స్‌వైజెడ్ కూడా అలాంటిదే.

అమ్మాయి ఏటీఎం కార్డు ఒకటి తీసి ఫోన్ తెర మీద నిలువుగా పెడుతుంది. "ఇక్కడ రెండు ఏటవాలు గీతలున్నాయి చూడు. వాటి తర్వాత మొదలెట్టి, మొదటి ఒంటి గీత కనబడ్డ చోట ఆగిపోవాలి. దాని తర్వాతున్నది మూసేయి. అది ఇంట్లో గది నంబరు. ముందు ఇల్లెవరిదో తేలాలి." అప్‌డేట్ అన్న మాట కార్డు వెనక్కి పోయింది. "ఇప్పుడు కుడినుంచి వెనక్కి రా. ఎక్స్‌వైజెడ్. చుక్క. తర్వాత?"

"ఇన్..." పిన్ని వేలు ఆకారాల మీద కదులుతుంది. "ఇన్, గీత, ఏదో."

"ఇన్ గీత కేవైసీ. అక్కడే ఉంది దొంగతనం. ఇన్ తర్వాత చుక్క లేదు, అడ్డగీత ఉంది. చుక్క ఒక్కటే సరిహద్దు పిన్నీ. అడ్డగీత పేరులో ముక్కే, అక్షరంతో సమానం. కాబట్టి ఇక్కడ ఇన్ అంటే ఇండియా కాదు. ఎవడో 'ఇన్-కేవైసీ' అని ఒక పేరు కొనుక్కున్నాడు."

"మరి ముందున్న పీఎం కిసానో?"

"అది వాడు తన ఇంట్లో గదికి రాసుకున్న పేరు. పేరు కొనుక్కున్నాక దానికి ఎడమపక్కన చుక్కలు పెట్టుకుంటూ ఏం కావాలంటే అది రాసుకోవచ్చు. ఎవర్నీ అడగక్కర్లేదు. నేనిప్పుడు ఈ కొట్టు వెనక గదికి కలెక్టరాఫీసు అని బోర్డు పెట్టుకుంటే అది కలెక్టరాఫీసైపోతుందా?"

పిన్ని నవ్వదు. ఫోన్ వైపే చూస్తోంది. బంక వేలిముద్ర నీలం గీతకి వెంట్రుకవాసి దూరంలో పడి ఉంది.

ఆ ముద్ర చూసి మీ కడుపులో ఏదో కదులుతుంది. సచివాలయం, పింఛను, పిల్లల స్కాలర్‌షిప్, భూమి రికార్డు, ఉపాధి హామీ కూలి, అన్నీ ఇప్పుడు ఒక నీలం గీత వెనకే ఉన్నాయి. ఈ కొండల్లో నెట్‌వర్క్ వచ్చింది మొన్నమొన్నే. 2023 జూన్‌లో రాష్ట్రంలో ఒకేసారి ప్రారంభించిన వంద 4జీ టవర్లలో అత్యధిక భాగం ఈ జిల్లాకే వచ్చాయి. టవరు వేసినవాళ్లు, ఫోన్ అమ్మినవాళ్లు, పథకం ఆన్‌లైన్ చేసినవాళ్లు ఉన్నారు. చిరునామా ఎటునుంచి చదవాలో చెప్పే పని ఎవరికీ అప్పగించలేదు. ఈ కొట్టులో ఈ అమ్మాయి తనంతట తాను నెత్తిన వేసుకుంది.

ఆమె చార్టు దగ్గరికి వెళ్లి మొదటి వరుస మీద వేలు పెడుతుంది. పీఎంకిసాన్.గవ్.ఇన్. "ఇది అసలుది. కుడినుంచి చదువు. ఇన్. చుక్క. గవ్. ఈ రెండూ ఇలా పక్కపక్కన చివర్లో ఉంటే సర్కారుది. ఇన్ ఒక్కటే చూసి సరేననుకోకు."

నిజమే. ఇన్ పేరు 1989లో మన దేశానికి వచ్చింది. 2005 నుంచి సామాన్యులు కూడా కొనుక్కోవచ్చు, అంగట్లో వస్తువు కొన్నట్టే. గవ్.ఇన్ అలా కాదు. నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ దాన్ని ప్రభుత్వ సంస్థలకే ఇస్తుంది. అందులో మళ్లీ ఏపీ.గవ్.ఇన్ మన రాష్ట్రం. దాని కింద మీభూమి.ఏపీ.గవ్.ఇన్ భూమి రికార్డులది. ఈ జిల్లా చిరునామా కూడా అక్కడే: అల్లూరిసీతారామరాజు.ఏపీ.గవ్.ఇన్. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు పుట్టినప్పుడు జిల్లాకి వచ్చిన పేరు, వెబ్ చిరునామాలో అలాగే కూర్చుంది. కుడినుంచి చదివితే దేశం, ప్రభుత్వం, రాష్ట్రం, జిల్లా. ఫోన్ పక్కన పరిచిన మీ కాగితంతో పోల్చి చూసుకోండి, వరుస అదే.

అయితే ఆ పేరు టైపు చేయడమే ఒక పరీక్ష. సీతా అన్నచోట ఇంగ్లిషులో టీ తర్వాత హెచ్ ఉంది. అది వదిలేస్తే మీరు చేరరు. ఈ ఊరి పేరే చూడండి. బస్సు బోర్డు మీద ఒకలా, బ్యాంకు ముద్రలో ఒకలా, రేషను కార్డులో ఒకలా. జీకే వీధి అని కొందరు, గూడెం కొత్తవీధి అని కలిపి కొందరు, విడదీసి కొందరు. ఎలా రాసినా ఉత్తరం వస్తుంది, ఎందుకంటే మధ్యలో మనిషి ఉన్నాడు. యంత్రానికి ఒక్క అక్షరం తేడా వస్తే అది వేరే ఊరు. ఆ తేడా ఊళ్లని కొనిపెట్టుకుని, తప్పు టైపు చేసేవాళ్ల కోసం కాచుకునే వ్యాపారం ఒకటి ఉంది.

"మరి పేరు కొడితే ఇల్లెక్కడున్నాదో ఫోనుకెలా తెలుస్తాది?" పిన్ని ఇప్పుడు బల్ల మీద మీ పక్కన కూర్చుంది. ఇది పథకం గురించి ప్రశ్న కాదు. ఊరికే తెలుసుకోవాలని అడిగింది.

అమ్మాయి కొంచెం ఆలోచిస్తుంది. తర్వాత మీ వైపు తిరిగి, "మీరు ఇక్కడికి ఎలా వచ్చారండీ? దారి తెలుసా?"

తెలీదని, అడుగుతూ వచ్చానని చెబుతారు. ఎంక్వయిరీ కిటికీ సంగతి, కండక్టరు సంగతి.

"అదే! ఫోన్ కూడా అదే చేస్తుంది పిన్నీ. కంప్యూటర్లకి పేర్లు తెలీవు, అంకెలే తెలుసు. మన ఫోన్లో పేరు నొక్కితే నంబరుకి పోయినట్టు. ఆ అంకె కోసం ముందు అన్నిటికన్నా పెద్దచోట అడుగుతుంది. వాళ్లకి పీఎం కిసాన్ ఎక్కడో తెలీదు. ఇన్ లెక్క ఎవరి దగ్గరుందో చెబుతారు. ఇన్ వాళ్లు గవ్ లెక్క ఎవరి దగ్గరుందో చెబుతారు. వాళ్లనడిగితే అప్పుడు ఇంటి నంబరు చెబుతారు. రెప్పపాటులో అయిపోతుంది."

ఆ పెద్దచోటుని వేరు అంటారు, చెట్టుకి వేరులాగ. ఇంగ్లిషులో ఏ నుంచి ఎం దాకా పదమూడు పేర్లతో వేరు సర్వర్లు ఉన్నాయి. వాటి నకళ్లు ప్రపంచమంతటా వెయ్యికి పైగా నడుస్తున్నాయి. ఏ ఒక్కరి దగ్గరా అందరి ఇళ్ల జాబితా ఉండదు. ఒకప్పుడు ఉండేది. 1970లలో నెట్‌వర్క్ చిన్నగా ఉన్నప్పుడు అమెరికాలో స్టాన్‌ఫోర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఎలిజబెత్ ఫైన్లర్ అనే ఆవిడ బృందం అన్ని యంత్రాల పేర్లూ అంకెలూ ఒకే జాబితాలో రాసి ఉంచేది. కొత్త యంత్రం వస్తే వాళ్లకి చెప్పి చేర్పించుకోవాలి. మిగతావాళ్లంతా ఆ జాబితా నకలు తెచ్చుకోవాలి. గూడెంలో ఇరవై గడపలున్నప్పుడు టపా తెచ్చేవాడికి ప్రతి గడపా తెలిసినట్టు. గడపలు పెరిగాయి. 1983లో పాల్ మొకాపెట్రిస్ ఆ జాబితాని ముక్కలు చేసి, ఎవరి ముక్క వాళ్లే చూసుకునే పద్ధతి రాశాడు. ఈ పొద్దున మీరు నర్సీపట్నం నుంచి వచ్చిన పద్ధతి అది.

అంకెలూ మొదట చాలానే ఉన్నాయనుకున్నారు. చుక్కలతో విడదీసిన నాలుగు అంకెలు, ఒక్కోటి 0 నుంచి 255 లోపు. మొత్తం దాదాపు 429 కోట్లు. 2011 ఫిబ్రవరిలో కొత్తగా పంచడానికి మూటలు అయిపోయాయి. ఇప్పుడు ఇంకా పొడుగు అంకెల పద్ధతి పక్కనే నడుస్తోంది. చిరునామా వాడేవాళ్లకి ఆ మార్పు తెలియలేదు, పేరు మారలేదు కాబట్టి.

"రెండోసారి పోతే మళ్లీ అడగాలా?" అంటుంది పిన్ని.

"నువ్వు రెండోసారి పోతే దారి అడుగుతావా? కొన్నాళ్లు గుర్తుపెట్టుకుంటుంది. గడువైపోతే మళ్లీ అడుగుతుంది, ఇల్లు మారిందేమోనని."

పిన్ని క్యాలెండరు వైపు చూస్తుంది. "రామరాజు టపాకి మిరపకాయ కట్టి పంపీవోడంట. మా తాత చెప్పీవోడు."

ఈ మాట ఇక్కడ వినడం వేరు. మీ కాగితంలో ఉన్న దామనపల్లి ఘాట్‌లోనే 1922 సెప్టెంబరు 24న స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు పోలీసు అధికారులు రామరాజు దళం చేతిలో చనిపోయారు. అంతకు నెల ముందు ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి స్టేషన్ల మీద దాడులు. మీరెక్కి వచ్చిన చింతపల్లి రోడ్డు కోసం బ్రిటిషువాళ్లు కొండవాళ్లతో చాలీచాలని కూలికి చాకిరీ చేయించడమూ రామరాజు తిరుగుబాటుకి ఒక కారణం. స్టేషన్‌లో తీసుకున్న ఆయుధాల వివరం రామరాజు రాసి, సంతకం పెట్టి మరీ వెళ్లేవాడని ఇప్పటికీ చెప్పుకుంటారు.

"మిరపకాయ ఎవరైనా కట్టొచ్చు కదా పిన్నీ," అంటుంది అమ్మాయి నెమ్మదిగా. "సంతకం వేరు. ఇదిగో, ముందున్న ఈ హెచ్‌టీటీపీఎస్ చూసి చాలామంది నమ్మేస్తారు. తాళం గుర్తుంటే మంచిదని. తాళం దేనికంటే, నువ్వు పంపే ఉత్తరం దారిలో ఎవరూ విప్పి చదవకుండా. ఆ ఉత్తరం చేరేది దొంగ ఇంటికైతే? తాళం వేసి మరీ దొంగకి చేరుస్తుంది."

ఆ తాళం గుర్తుని క్రోమ్ బ్రౌజరు 2023లో తీసేసింది, జనం దాన్ని మంచితనానికి గుర్తుగా పొరబడుతున్నారనే. తాళానికి కావలసిన పత్రం ఇప్పుడు ఎవరికైనా ఉచితంగా దొరుకుతుంది. రెండు ఏటవాలు గీతల సంగతా? వాటి అవసరం నిజానికి లేదని, పెట్టకుండా ఉండాల్సిందని వెబ్‌ని తయారుచేసిన టిమ్ బెర్నర్స్-లీయే 2009లో ఒప్పుకున్నాడు.

"బ్యాంకుదో?" పిన్ని కొంగులోంచి ఇంకో ముడి విప్పినట్టు అడుగుతుంది.

"బ్యాంకులకి వేరే గుర్తు వచ్చింది. చివర్న బ్యాంక్ చుక్క ఇన్."

ఇది కొత్త సంగతి. చాలామంది చదువుకున్నవాళ్లకీ తెలీదు కాబట్టి కాస్త ఆగుదాం. దేశంలో బ్యాంకులన్నీ తమ చిరునామాల్ని బ్యాంక్.ఇన్ కిందికి మార్చుకోవాలని రిజర్వు బ్యాంకు 2025 ఏప్రిల్‌లో ఆదేశించింది, అక్టోబరు 31 గడువుగా. ఆ పేర్లు ఇచ్చే అధికారం ఒక్క సంస్థకే ఉంది: హైదరాబాదులోని ఐడీఆర్‌బీటీ. బ్యాంకు కానివాడికి ఆ ముక్క దొరకదు. అంతకుముందు ఒక బ్యాంకు కామ్‌లో, ఇంకోటి ఇన్‌లో, మరోటి ఇంకెక్కడో ఉండేవి. ఏది అసలో చెప్పడానికి ఒక్క సూత్రం ఉండేది కాదు. ఇప్పుడు కుడి చివర చూస్తే తెలుస్తుంది. ఈ ఒక్క మార్పు పది హెచ్చరిక సందేశాలకంటే ఎక్కువ మేలు చేస్తుందని నా నమ్మకం.

ప్రింటరు ఆగిపోతుంది. బల్బు ఒకసారి మిణుక్కుమని మళ్లీ వెలుగుతుంది. అమ్మాయి కంప్యూటరు తెర మీద పేజీ తెరవబోయి ఆగి, కీబోర్డు పిన్ని వైపు జరుపుతుంది. "నువ్వే కొట్టు."

"నానా?"

"నువ్వే. పైన, ఈ పొడుగు పెట్టెలో. మధ్యలో ఉన్న వెతుకుడు పెట్టెలో కాదు. అందులో కొడితే ఎవరు డబ్బు కట్టి ప్రకటన ఇచ్చారో వాళ్లని కూడా ముందు చూపిస్తుంది. చిరునామా తెలిసినప్పుడు వెతకడమెందుకు?"

పిన్ని చీర చెంగుకి వేళ్లు తుడుచుకుంటుంది. చార్టు చూసి ఆకారం పట్టుకుంటుంది, కీబోర్డు మీద ఆ ఆకారం వెతుకుతుంది. కీబోర్డు మీద పెద్దబడి అక్షరాలు, చార్టు మీద చిన్నబడివి. జీ అక్షరం దగ్గర ఆగిపోతుంది. చిన్నదీ పెద్దదీ ఒకటేనని, ఊరి పేరు దాకా ఎలా కొట్టినా ఫరవాలేదని, ఒంటి గీత దాటాక మాత్రం తేడా రావచ్చని అమ్మాయి చెబుతుంది.

ఆమె తెలుగు చదవగలదు. క్యాలెండరు కింద చిన్న అక్షరాలు కూడబలుక్కుని చదవడం ఇందాక మీరు విన్నారు. తన భాషలో ఉన్న పథకానికి, తన భాష కాని అక్షరాల్లో దారి. తెలుగు లిపిలో .భారత్ అనే చివరి ముక్కకి 2011లోనే ఆమోదం దొరికింది. అంటే చిరునామా మొత్తం తెలుగులో రాయడం సాధ్యమే. లోపల యంత్రం దాన్ని ఇంగ్లిషు అక్షరాల సంకేతంగా మార్చుకుంటుంది, మనకి కనబడదు. అందులోనూ జాగ్రత్తలున్నాయి. తెలుగు సున్న అంకె, మన పూర్ణానుస్వారం పక్కపక్కన పెడితే తేడా చెప్పడం కష్టం. తెలుగు ర, కన్నడ ర కవలపిల్లలు. ఏ అక్షరం దేనికి మారువేషం వేయగలదో నిపుణులు కూర్చుని పట్టికలు రాశారు. పట్టికలు ఉన్నాయి, చివరి ముక్క ఉంది. పిన్ని కొట్టాల్సిన చిరునామా మాత్రం ఇంకా ఇంగ్లిషులోనే ఉంది. తెలుగులో ఒక చిరునామా పక్కనే పెట్టడానికి సాంకేతికంగా అడ్డేమీ లేదు, ఎవరైనా పట్టించుకోవాలి.

ఆఖరి అక్షరం కొట్టి ఎంటర్ నొక్కింది. చక్రం తిరుగుతోంది. తిరుగుతోంది. తెర తెల్లబడి ఒక వాక్యం వస్తుంది.

"పోయిందా?"

"లేదు, సిగ్నల్ పోయింది. బస్సే రాలేదన్నమాట." అమ్మాయి చెబుతూనే డాంగిల్ తీసి కిటికీ చువ్వకి కడుతుంది. "ఇంటర్నెట్ లేదు అంటే ఇది. సర్వర్ దొరకలేదు అంటే ఊరి పేరు తప్పు కొట్టామేమో చూసుకోవాలి. 404 అని వస్తే ఊరికి చేరాం, ఇల్లూ దొరికింది, మనం చెప్పిన గది లేదు. అప్పుడు ఒంటి గీత తర్వాతున్నదంతా చెరిపేసి గడపలోంచి మొదలెట్టాలి."

మీరు అప్రయత్నంగా మీ కాగితం వైపు చూసుకుంటారు. పంచాయతీ దాకా ఉంది. ఆపైన మరక.

చక్రం మళ్లీ తిరిగి పేజీ మెల్లగా పైనుంచి కిందికి దిగుతుంది. రిజిస్ట్రేషన్ నంబరు పాసుపుస్తకం వెనక పెన్సిల్‌తో రాసి ఉంది. బొమ్మలో వంకరగా ఉన్న అక్షరాలు. ఓటీపీ కోసం పిన్ని ఫోన్ పట్టుకుని గుమ్మం బయటికి, టవరు కొండ కనబడే చోటికి వెళ్లి నిలబడుతుంది. అంకెలు రాగానే లోపలికి వస్తుంది, కాని వెంటనే చెప్పదు. తెర మీద పైనున్న చిరునామా దగ్గర వేలు పెట్టి కుడినుంచి వెనక్కి కదుపుతుంది. ఇన్. చుక్క. గవ్. చుక్క. అప్పుడు చెబుతుంది.

పట్టిక తెరుచుకుంటుంది. ఆగిందేమీ లేదు. కేవైసీ ఎప్పుడో అయిపోయింది, కిందటి విడత ఖాతాలో పడింది.

"మరెందుకలా రాసినారు?" అంటుంది పిన్ని. దానికి అమ్మాయి దగ్గర జవాబు లేదు. సందేశం వచ్చిన నంబరుని బ్లాక్ చేస్తుంది. చార్టు చివర ఎర్ర స్కెచ్‌తో రాసిన నాలుగు అంకెలు చూపిస్తుంది: 1930. నొక్కేసి డబ్బు పోతే ఆ క్షణమే చేయాల్సిన నంబరు. ఎంత తొందరగా చేస్తే డబ్బు దారిలో ఆగే అవకాశం అంత. సైబర్‌క్రైమ్.గవ్.ఇన్‌లో ఫిర్యాదు రాయొచ్చు. పొట్టి లింకులు, గళ్లగళ్ల క్యూఆర్ బొమ్మలు కూడా లోపల చిరునామాలే, తెరిచే ముందు ఫోన్ చూపించే పేరు చదవమంటుంది. పిన్ని అప్పటికే లేచింది. చెట్టు మీద పళ్లు రాలిపోతాయి.

బయట హారన్. జీపు నిండింది.

వెనక సీట్లో పిన్ని మీ పక్కనే ఇరుక్కుంటుంది, ఆమెదీ దామనపల్లి దారే. మంచు విడిపోయి కొండ వాలులో వలిసె పొలం పసుపు ముద్దలా కనబడుతుంది. మీ స్నేహితుడి పేరు చెబుతారు. ఆ పేరుతో ఆమెకి తెలిసినవాళ్లు ముగ్గురున్నారు. ఎవరి కొడుకు? అన్నదమ్ములెంతమంది? ఇంటి ముందు పనసచెట్టుందా, చింతచెట్టా? ఫోన్లో అతను ఎప్పుడో పనసచెట్టు కింద తీసుకున్న ఫొటో పంపాడు. చూపిస్తారు.

ఆమె ఫొటో చూసి, మీ చేతిలో కాగితం తీసుకుని, మరక పడ్డ చోట వేలు పెట్టి గూడెం పేరు చెబుతుంది. జీపు కుదుపుల్లో, ఆ మరక పక్కన, వంకరటింకర అక్షరాలతో రాసుకుంటారు మీరు.